పొగ మానిన మూడవ నాడు

పొగ తాగడం హానికరమని తెలియనివాడు నేడు విశాఖపట్నంలో లేడు. 2016 ఏప్రిల్ 1వ తేదీ నుంచి సిగరెట్టు పెట్టె మీద ఎనభై అయిదు శాతం స్థలాన్ని రోగగ్రస్తమైన దేహం బొమ్మ, హెచ్చరిక ఆక్రమించుకొని ఉన్నాయి. అక్షరజ్ఞానం లేనివానికి సైతం ఆ బొమ్మ అర్థమవుతుంది. అయినప్పటికీ కిళ్లీ బడ్డీ స్తంభానికి వేలాడే నిప్పుతాడు ఆరిపోలేదు. తెలిసినంత మాత్రాన మానవుడు మానగలిగితే ఇటువంటి వ్యాసాలతో పనే ఉండదు.

కాబట్టి పొగాకు వల్ల కలిగే వ్యాధుల జాబితాను మేము ఇక్కడ మరల వల్లించబోము. మానదలచిన వ్యక్తి మానిన మరునాటి నుంచి అనుభవించే బాధ ఎటువంటిది, అది ఎంతకాలం ఉంటుంది, ఆ సమయంలో చుట్టూ ఉన్నవారు చేయవలసినదేమిటి అన్నదే మా ప్రస్తావన. చాలామంది దీక్ష సడలడానికి కారణం వారి మనోదౌర్బల్యం కాదు. రాబోయే బాధను గురించి వారికి ఎవరూ ముందుగా చెప్పకపోవడమే అని మా అభిప్రాయం.

ఆ బాధకు మన రెండు భాషలలోనూ పేర్లున్నాయి. ఉర్దూ మాట్లాడే ఇళ్లలో దానిని ‘తలబ్’ అంటారు. తెలుగు ఇళ్లలో ‘యావ’ అంటారు. పేరు ఉన్నదంటే అనుభవం పాతదన్నమాట. కాని పేరు పెట్టి ఊరుకున్నామే తప్ప, దానికి చికిత్స ఉన్నదని మనం ఇంతవరకు గట్టిగా నమ్మలేదు.

పాత చుట్టం

పోర్చుగీసు వర్తకుల ద్వారా పొగాకు మన దేశంలో అడుగుపెట్టింది. పదిహేడవ శతాబ్ది ఆరంభంలో అసద్ బేగ్ అనే రాజోద్యోగి మన దక్కనులోని బీజాపూరు నుంచి దానిని తీసుకుపోయి అక్బరు చక్రవర్తి సముఖంలో ఉంచాడు. ఆస్థాన వైద్యుడు వారించినా చక్రవర్తి కుతూహలం కొద్దీ కాస్త పీల్చి చూశాడు. కొలువులోని ప్రభువులు మాత్రం కాస్తతో ఆగలేదు. 1617లో జహంగీరు దానిని నిషేధించాడు. నిషేధం కాగితం మీద నిలిచింది. పొగ దేశమంతటా వ్యాపించింది. అలవాటు పడిన దేహానికి ఉపశమన మార్గం చూపకుండా శాసనం మాత్రమే చేస్తే ఫలితం ఎలా ఉంటుందో నాలుగు వందల ఏళ్ల క్రితమే మనకు బోధపడవలసింది.

ఇక మన ఉత్తరాంధ్ర తీరం సంగతి చెప్పనవసరం లేదు. విజయనగరంలో కూర్చొని గురజాడ అప్పారావుగారు వ్రాసిన ‘కన్యాశుల్కం’లో గిరీశం వద్ద శిష్యరికం చేసిన వెంకటేశానికి అబ్బిన విద్య చుట్ట కాల్చడమేనన్నది పాఠకులకు విదితమే. శ్రీకాకుళం, విశాఖ జిల్లాల పల్లెలలోను, జాలరిపేటలలోను స్త్రీలు నిప్పు ఉన్న కొసను నోటిలో పెట్టుకొని చుట్ట కాల్చే ‘అడ్డపొగ’ అలవాటు ప్రపంచ వైద్య గ్రంథాలకెక్కింది. సముద్రపు గాలికి చుట్ట ఆరిపోకుండా ఉంటుందని, పని చేసుకుంటూ కాల్చవచ్చునని పెద్దలు చెప్పేవారు. ఈ అలవాటుకు, అంగిలి క్యాన్సరుకు గల సంబంధాన్ని గురించి 1957లోనే మన దేశపు వైద్య పత్రికలో వ్యాసం వెలువడింది. 1971లో పిండ్‌బోర్గ్ మొదలైన పరిశోధకులు శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది గ్రామస్థుల నోళ్లను పరీక్షించి, అంగిలి మీద కనిపించే మార్పులను వర్ణించారు.

అయితే మేము ఇక్కడ ముఖ్యంగా చెప్పదలచినది ఆ తరువాతి కథ. ఎర్నాకుళం, భావనగర్, శ్రీకాకుళం జిల్లాల పల్లెలలో ముప్పై ఆరు వేలకు పైబడిన పొగాకు వినియోగదారులను పరిశోధక బృందాలు ఏటేటా కలుసుకొని, నోరు పరీక్షించి, మానమని ముఖాముఖి నచ్చచెప్పాయి. 1986లో ‘లాన్సెట్’ పత్రికలో ఫలితాలు వెలువడ్డాయి. అటువంటి సలహా లేనివారితో పోల్చినప్పుడు, సలహా పొందినవారిలో అలవాటును విడిచినవారు, తగ్గించుకున్నవారు ఎక్కువగా కనిపించారు. ముసలితనం, పేదరికం, చదువులేమి ఏవీ అడ్డు రాలేదు. ఒక మనిషి మరల మరల వచ్చి పలకరించడమే మందుగా పనిచేసింది. పల్లెలో చుట్ట కాల్చే అవ్వ చేయగలిగిన పనిని పట్టణంలో పట్టభద్రుడు చేయలేడనుకోవడం న్యాయం కాదు.

దేహంలో జరిగేది

పొగాకులోని నికోటిన్‌ను 1828లో జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో ఇద్దరు శాస్త్రజ్ఞులు మొదటిసారి వేరుచేశారు. పొగ పీల్చిన పది, ఇరవై సెకనులలో అది మెదడును చేరి, సంతోషం కలిగించే డోపమైన్ అనే రసాయనాన్ని విడుదల చేయిస్తుంది. దీనికి అలవాటుపడిన మెదడు నికోటిన్‌ను అందుకొనే గ్రాహకాల సంఖ్యను పెంచుకుంటుంది. రెండు గంటలు గడిచేసరికి రక్తంలో నికోటిన్ సుమారు సగానికి తగ్గుతుంది. అప్పుడు ఆ గ్రాహకాలు ఆకలిగొన్న పక్షిపిల్లల వలె నోళ్లు తెరుస్తాయి. మనిషికి చిరాకు పుడుతుంది. ఒక సిగరెట్టు వెలిగిస్తే ఆ చిరాకు పోతుంది. ‘సిగరెట్టు నాకు ప్రశాంతత ఇచ్చింది’ అని అతడు అనుకుంటాడు. నిజానికి ముందటి సిగరెట్టు తెచ్చిపెట్టిన అశాంతినే వెనుకటి సిగరెట్టు తాత్కాలికంగా తీర్చింది. అప్పు తీర్చడానికి అదే వడ్డీ వ్యాపారి వద్ద మరల అప్పు చేయడం వంటిదిది.

పూర్తిగా మానినప్పుడు ఏమవుతుంది? మొదటి ఇరవై నాలుగు గంటలలోనే బాధ ఆరంభమవుతుంది. కోపం, ఆందోళన, దిగులు, నిద్రలేమి, మనసు నిలకడలేమి, అధికమైన ఆకలి కనిపిస్తాయి. కొందరికి దగ్గు పెరుగుతుంది. కొందరికి మలబద్ధకం కలుగుతుంది. రెండవ, మూడవ దినాలలో ఈ బాధ పరాకాష్ఠకు చేరుతుంది. తరువాత క్రమంగా తగ్గి, రెండు మొదలు నాలుగు వారాలలో చాలావరకు అణగిపోతుంది. యావ మాత్రం అప్పుడప్పుడు అలగా వచ్చిపోతూ ఉంటుంది. ఒక్కొక్క అల సాధారణంగా కొద్ది నిమిషాలకు మించి ఉండదు. రామకృష్ణా బీచిలో నిలుచున్నవానికి అల స్వభావం చెప్పనక్కరలేదు. కాళ్లు గట్టిగా ఊనుకొని నిలిచినవానిని దాటి అది వెనుకకు పోతుంది.

ఈ లెక్క తెలియనివాడు మూడవ నాటి బాధను చూసి, ‘జన్మంతా ఇలాగే ఉంటుంది కాబోలు’ అని భయపడి అగ్గిపుల్ల గీస్తాడు. కొండ శిఖరం దాకా ఎక్కి, అవతలి దిగుడు కనబడకముందే వెనుకకు మరలడం ఎంత శోచనీయం!

రోజా, దీక్ష, కర్మాగారం

మన నగరంలో వేలాది పొగరాయుళ్లు పొగ లేకుండా గంటలు, దినాలు గడుపుతూనే ఉన్నారు. దీనిని ఎవరూ గుర్తించకపోవడం మాకు విస్మయం కలిగిస్తుంది.

రంజాన్ మాసంలో సహరి ముగిసినది మొదలు సూర్యాస్తమయం వరకు పదమూడు, పధ్నాలుగు గంటలు ముస్లిం సోదరుడు నీరు సైతం ముట్టడు. పొగ తాగితే రోజా భంగమవుతుందని ఉలేమా చెబుతారు కనుక పొగా ముట్టడు. రోజుకొక పెట్టె కాల్చేవాడు కూడా ముప్పై దినాలు ఈ నియమాన్ని పాటిస్తాడు. ఆత్మబలం లేనివాడు ఈ పని చేయగలడా? కాని ఇఫ్తార్‌లో ఖర్జూరం తిన్న కొద్దిసేపటికి అతడు మసీదు వీధి చివర నిలబడి సిగరెట్టు వెలిగిస్తాడు. తరావీహ్ తరువాత మరొకటి, సహరికి ముందు ఇంకొకటి. కనుక అతడు ప్రతి దినం బాధలో మొదటి భాగాన్ని మాత్రమే అనుభవిస్తాడు. పరాకాష్ఠ దాటి అవతలికి పోడు. కష్టమంతా పడి ఫలం మాత్రం రాత్రికి పోగొట్టుకుంటాడు.

అయ్యప్ప దీక్ష వహించిన హిందూ సోదరుని సంగతి మరొక రకం. నలభై ఒక్క దినాలు రాత్రింబవళ్లు అతడు పొగకు దూరం. మూడవ నాటి శిఖరం, నాలుగు వారాల వాలు కూడా అతడు దాటివేశాడు. దేహం చాలావరకు విముక్తమైంది. కాని మాల తీసిన మరునాడు పాత స్నేహితులతో పాత టీ బడ్డీ వద్ద నిలుచుంటే చేయి తనంతట తానే చాపుకుంటుంది. ఇక్కడ జయించినది దేహం కాదు, పరిసరం.

ఇక మూడవ ఉదాహరణ. మల్కాపురంలో 1957 నుంచి చమురు శుద్ధి కర్మాగారం నడుస్తున్నది. అటువంటి చోటికి అగ్గిపెట్టె తీసుకొనిపోవడం నిషిద్ధం. ఎనిమిది గంటల షిఫ్టు అంతా కార్మికుడు పొగ లేకుండా యంత్రాల మధ్య పని చేస్తాడు. గేటు దాటి బయట అడుగు పెట్టీ పెట్టగానే యావ ఒక్కసారిగా విజృంభిస్తుంది. ఎందుచేత? దీనికి ఇజ్రాయెలు పరిశోధకులు 2010లో ప్రచురించిన అధ్యయనం సమాధానం చెబుతున్నది. వారు విమానాలలో పనిచేసే పరిచారకులను పరిశీలించారు. కొన్ని గంటల చిన్న ప్రయాణం ముగిసే సమయంలో వారి యావ ఎంత తీవ్రంగా ఉన్నదో, సుదీర్ఘ ప్రయాణంలో అన్నే గంటలు గడిచినప్పుడు అంత తీవ్రంగా లేదు. గమ్యం దగ్గరపడినకొద్దీ మాత్రం పెరిగింది. అనగా పొగ లేక గడచిన గంటల కంటె, పొగ ఎప్పుడు దొరుకుతుందన్న నిరీక్షణ యావను ఎక్కువగా శాసించింది.

దేహ బాధ లేదని దీని అర్థం కాదు. మనసు తలుపు గట్టిగా మూసినప్పుడు యావ తట్టడం తగ్గిస్తుందని అర్థం. ‘ఈ రోజుకు వద్దు, రేపు చూద్దాం’ అనేవాడు తలుపు ఓరగా తెరిచి ఉంచినట్లే. ‘ఇక లేదు’ అని నియ్యత్ చేసుకున్నవానికి ఆ బరువు కొంత తగ్గుతుంది.

రోజా పాటించేవానికి సంకల్పం ఉన్నది, రాత్రి పరీక్ష మిగిలి ఉన్నది. దీక్ష వహించినవానికి దేహం తేలికపడింది, మాల తీసిన తరువాతి ప్రణాళిక లేదు. ఒకరి పాఠం మరొకరికి కావాలి. ఒకే లేత్ యంత్రం వద్ద, ఒకే బెర్తులో పక్కపక్కన పనిచేసే ఈ ఇరువురు దీనిని గురించి ఒకరితో ఒకరు మాట్లాడుకుంటే బాగుంటుందని మా ఆశ.

ఇంటివారి పాత్ర

మూడవ నాడు ఇంట్లో ఏమి జరుగుతుందో పరిశీలించండి. అంతవరకు నెమ్మదస్తుడైన తండ్రి అన్నంలో ఉప్పు తక్కువైందని కంచం తోసివేస్తాడు. పిల్లవాని అల్లరికి చేయి చేసుకుంటాడు. ఉక్కు కర్మాగారంలో రాత్రి షిఫ్టు చేసి వచ్చి, నిద్ర పట్టక పగలంతా గదిలో పచార్లు చేస్తాడు. విసిగిపోయిన ఇల్లాలు, ‘ఆ పాడు సిగరెట్టేదో కాల్చుకొని రండి, ఇల్లు కాస్త నిమ్మళంగా ఉంటుంది’ అంటుంది. ఉర్దూ మాట్లాడే ఇంట్లోనూ ఇదే మాట, భాష మాత్రమే వేరు. ఆమె దోషం ఏమీ లేదు. ఈ కోపం జ్వరంలో ఒళ్లు కాలడం వంటిదని, నయమవుతున్న దేహం చేసే గోల అని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

టైఫాయిడ్ వచ్చినవానికి ఇంటిల్లిపాదీ సేవ చేస్తారు. పొగ మానినవానికి మాత్రం ఎగతాళే పథ్యం. ‘ఎన్నాళ్లులే, వారం గడవనీ’ అని బావమరది నవ్వుతాడు. ‘నీ వల్ల కాదు’ అని స్నేహితుడు పందెం కాస్తాడు. పందెం గెలవడానికి ఆ స్నేహితుడే ఒక సిగరెట్టు ఎదుట పెడతాడు. మేము ఈ ధోరణిని గర్హిస్తున్నాము. మానదలచినవాడు తేదీ నిర్ణయించుకొని ఇంటివారికి ముందుగా చెప్పాలి. ఇంటివారు మొదటి వారం అతని మాటలను పట్టించుకోరాదు. పెళ్లి పెత్తనాలు, అప్పుల లెక్కలు, కొడుకు మార్కుల విచారణ కొన్ని దినాలు వాయిదా వేయాలి. అయితే కోపం బాధవల్ల కలిగినదే అయినా, భార్యాబిడ్డలను కొట్టే హక్కు దానివల్ల రాదు. కోపం వచ్చిన క్షణంలో ఇల్లు విడిచి పది నిమిషాలు నడిచి రావడం ఆ పురుషుని బాధ్యత.

ఉపాయాలు

కొన్ని ఆచరణయోగ్యమైన విషయాలు చెప్పడం మా విధి.

మొదటిది తేనీరు. పొగలోని కొన్ని పదార్థాల ప్రభావం వల్ల కాలేయం కెఫీన్‌ను త్వరగా విరిచివేస్తుంది. పొగ మానగానే ఆ వేగం తగ్గుతుంది. అలవాటు ప్రకారం అన్నే కప్పుల టీ, కాఫీ తాగితే రక్తంలో కెఫీన్ పెరిగి గుండెదడ, నిద్రలేమి కలుగుతాయి. వాటిని పొగ మానిన బాధగా పొరబడతాము. కనుక మొదటి వారాలలో టీ, కాఫీలను సగానికి తగ్గించడం మంచిది. పైగా టీ బడ్డీయే సిగరెట్టుకు పుట్టిల్లు.

రెండవది మందులు. నికోటిన్ జిగురుబిళ్లలు మందుల దుకాణాలలో దొరుకుతాయి. వాటిని చూయింగ్ గమ్ వలె నమలరాదు. కొద్దిగా నమిలి, నాలుకకు చురుకు తగలగానే చిగురుకు, బుగ్గకు మధ్య నిలిపి ఉంచాలి. చురుకు తగ్గినప్పుడు మరల కొద్దిగా నమలాలి. దానికి ముందు పావుగంట సేపు టీ, కాఫీ, పుల్లని పానీయాలు తీసుకోరాదు. చర్మానికి అంటించుకొనే పట్టీలు కూడా ఉన్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర ఔషధాల పట్టికలో నికోటిన్ ప్రత్యామ్నాయ చికిత్స 2009లోను, బుప్రోపియాన్, వారెనిక్లిన్ అనే మందులు 2021లోను చేరాయి. వీటిని వైద్యుని సలహా మీదనే వాడాలి. హృద్రోగులు, గర్భిణులు ముందుగా తప్పక అడగాలి. మందు వాడడం పౌరుషహీనత అనుకొనేవారున్నారు. కాలు విరిగినవాడు కర్ర పట్టుకొని నడవడం అవమానమా?

రోజాలో జిగురుబిళ్ల వాడడం వీలుపడదు. అయితే చర్మం ద్వారా ఇంకే మందు పట్టీల వల్ల ఉపవాసం భంగం కాదని 1997లో జిద్దాలో అంతర్జాతీయ ఇస్లామీయ ఫిఖ్ అకాడమీ తీర్మానించింది. సందేహమున్నవారు తమ ఆలిమ్‌ను, తమ వైద్యుని ఇరువురినీ సంప్రదించి నిర్ణయించుకోవచ్చు.

మూడవది తోడు. 2016 మే నెలలో కేంద్ర ప్రభుత్వం జాతీయ స్థాయిలో 1800-11-2356 అనే ఉచిత దూరవాణి సేవను ఆరంభించింది. ఆ సంఖ్యను 2018 సెప్టెంబరు నుంచి పొగాకు పెట్టెల మీదనే ముద్రించసాగారు. శత్రువు ఇంటి గోడ మీదనే మిత్రుని చిరునామా వ్రాసినట్లయింది.

నాలుగవది చిన్న చిట్కాలు. యావ పుట్టగానే చల్లని నీరు నెమ్మదిగా తాగడం, సోంపు, లవంగం చప్పరించడం, ఉన్నచోటు మారడం, దీర్ఘంగా శ్వాసించడం, చేతికి ఏదైనా పని కల్పించడం మేలు. సిగరెట్టు మాని ఖైనీ పట్టడం మాత్రం పెనం మీది నుంచి పొయ్యిలో పడడమే. ఒంటి బరువు కొన్ని కిలోలు పెరగవచ్చు. దానికి భయపడి మరల పొగ పట్టరాదు. ఒకనాడు జారిపడి ఒక సిగరెట్టు కాల్చినా దీక్ష అంతా మంటగలిసిందని భావించరాదు. నమాజు ఒక పూట తప్పినవాడు మతం విడిచిపెట్టడు కదా.

మన కర్తవ్యం

2003 నాటి పొగాకు ఉత్పత్తుల చట్టం ప్రకారం విద్యాసంస్థలకు నూరు గజాల లోపు పొగాకు అమ్మరాదు. 2008 అక్టోబరు 2 నుంచి బహిరంగ ప్రదేశాలలో పొగ తాగడాన్ని నిషేధించే నియమాలు కట్టుదిట్టమయ్యాయి. ఇవి అవసరమే. కాని ‘పొగ తాగరాదు’ అన్న ఫలకం గోడకు తగిలించి జరిమానా రసీదు పుస్తకం సిద్ధం చేసుకుంటే సరిపోదు. 2016-17 జాతీయ సర్వే ప్రకారం మన దేశంలో వయోజనులలో 28.6 శాతం ఏదో ఒక రూపంలో పొగాకు వాడుతున్నారు. పొగతాగేవారిలో సగానికి పైగా మానాలని తలపోస్తున్నారు. ఈ తలపోసేవారికి చేయూత ఎక్కడ?

కళాశాలలు ఈ పని చేయగలవు. మానదలచిన విద్యార్థికి మొదటి వారం పరీక్షలు లేని కాలాన్ని సూచించవచ్చు. మానిన విద్యార్థినే తోడుగా ఇవ్వవచ్చు. వసతి గృహంలో మూడు రాత్రులు అతనితో కలసి నడిచే స్నేహితుడు పది ఉపన్యాసాల పెట్టు. శుక్రవారం ఖుత్బాలో ఇమాము, ఆదివారం ప్రసంగంలో పాదిరి, దీక్షాపీఠం వద్ద గురుస్వామి నాలుగు మాటలు చెప్పవచ్చు. ‘పాపం’ అని మాత్రమే గాక ‘మూడు దినాలు కష్టం, నాలుగు వారాలకు తేలిక’ అని కూడా చెప్పాలి. రేవులోను, ఉక్కు కర్మాగారంలోను కార్మిక సంఘాలు జీతభత్యాల వలె దీనినీ సభ్యుల క్షేమంగా స్వీకరించాలి.

యువకులకు ఒక మాట. బ్రిటిష్ వైద్యుల మీద యాభై ఏళ్లు సాగిన పరిశోధన ఫలితాలు 2004లో వెలువడ్డాయి. ముప్పై ఏళ్ల ప్రాయంలో మానినవారు సుమారు పది సంవత్సరాల ఆయుర్దాయాన్ని, యాభైలో మానినవారు ఆరు సంవత్సరాలను, అరవైలో మానినవారు మూడు సంవత్సరాలను తిరిగి పొందారని తేలింది. మానడానికి ఆలస్యం అన్నది లేదు; తొందరపడినకొద్దీ లాభం అధికం.

పది సంవత్సరాలంటే ఏమిటి? కొడుకు మొదటి జీతం చూడడం, కూతురి పెళ్లిలో నిలబడడం, మనుమని చేయి పట్టుకొని సాయంకాలం సముద్ర తీరాన నడవడం. వీటన్నింటికీ అడ్డుగా నిలిచినది మూడవ నాటి బాధ. దానిని ఒంటరిగా దాటమని ఎవరినీ వదలివేయకుండా ఉండడమే మన బాధ్యత. మీ ఇంట, మీ గదిలో, మీ షిఫ్టులో ఎవరైనా రేపు పొగ మానతానని చెబితే దయచేసి నవ్వకండి. మూడవ నాడు వారి వద్దకు వెళ్లి కూర్చోండి.